కీచుమనే బ్రేకు, ఊదిన దుమ్ము

పోయిన ఎపిసోడ్‌లో బ్రేకుల కథ మొదలుపెట్టి సగంలో ఆపేసినా. గుర్తుందా? టైం చాలక అని చెప్పినా గానీ అసలు సంగతి అది కాదు. నా ఉస్తాద్ గురించి చెప్పాల్సిన చోటికి వచ్చేసరికి మైకు ముందర మాట పెగల్లేదు. నోటితో చెప్పలేనిది చేత్తో రాయొచ్చు కదా అని మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నా. బైకు మీద డెలివరీ చేసే తమ్ముళ్లు మాత్రం తప్పకుండా చివరిదాకా చదవండి. చివర్లో మీకు పనికొచ్చే మాటలున్నాయి.

శుక్రవారం పొద్దున

మేముండేది కువైట్‌లో, మహబూలాలో. శుక్రవారం పొద్దున మా బిల్డింగు వెనక ఖాళీ జాగాలో మా పక్క ఊరి పిల్లోడు ఒకడు బైకు పెట్టుకుని కూర్చున్నాడు. ఫుడ్ డెలివరీ చేస్తాడు, రోజుకు పన్నెండు గంటలు బండి మీదే. వారం నుంచి వాని ముందు బ్రేకు ఒకటే కీచు. "మామా, సిగ్నల్ దగ్గర ఆపితే పక్క కార్లోళ్లంతా నా దిక్కే చూస్తాండారు, సిగ్గయితాంది" అన్నాడు. షువైఖ్ పోయి కొత్త ప్యాడ్లు కొనుక్కొచ్చుకున్నాడు. గరాజ్‌లో ఇస్తే లేబర్ చార్జీ ఎందుకు దండగ అని వాడే విప్పుతున్నాడు. నేను టీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడి చూస్తున్నా.

క్యాలిపర్ బోల్టులు విప్పినాడు, పాత ప్యాడ్లు బయటికి తీసినాడు. లోపలంతా నల్లటి మెత్తటి పొడి. వాడు ముఖం దగ్గరగా పెట్టి గట్టిగా "ఉఫ్" అని ఊదినాడు. పొడంతా లేచి వాని ముఖాన్నే పడింది.

నేను ఎంత గట్టిగా అరిచినానంటే పై అంతస్తులో కిటికీ తెరుచుకుంది. వాని చేతిలో స్పానర్ జారి కింద పడింది. "ఏమైంది మామా? దుమ్మే కదా?" అన్నాడు బిత్తరపోయి.

దుమ్మే. కానీ ఆ దుమ్ము కథ ఒక్క మాటలో తేలేది కాదు. అది నూట ముప్పై ఏళ్లకు పైబడిన కథ. జర్మనీలో మొదలై, ఇంగ్లండు కొండల మీదుగా, మా కడప జిల్లా రాళ్లలోకి వచ్చి, మా ఉస్తాద్ ఛాతీ దాకా పోయిన కథ.

కట్టె, తోలు, పాత బూటు

బండిని నడిపించడం నేర్చుకున్న రోజే దాన్ని ఆపడం ఎట్లా అనే తిప్పలు మొదలయింది. మొదట్లో బ్రేకంటే కట్టె దిమ్మె. లివర్ లాగితే దిమ్మె పోయి చక్రానికి ఒరుసుకుంటుంది, అంతే. గుర్రపు బండ్ల నాటి పద్ధతి అది.

1888 ఆగస్టులో కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండి మీద మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. 100 కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంత దూరం మోటారు బండి మీద అప్పటిదాకా ఎవరూ పోలేదు. దారిలో వాలు దిగీ దిగీ బ్రేకు కట్టెలు అరిగిపోయినాయి. ఆమె ఒక ఊర్లో ఆగి, చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పోయి, ఆ కట్టె దిమ్మెల మీద తోలు కొట్టించుకుంది. ప్రపంచంలో మొట్టమొదటి బ్రేకు లైనింగ్ అదేనంటారు. ఇంజినీర్ల చేతిలో కాదు, చెప్పులు కుట్టే చేతిలో పుట్టింది. మన చేతిపని వాళ్లం గుర్తుపెట్టుకోవాల్సిన ముక్క ఇది.

తర్వాత తొమ్మిదేళ్లకు, 1897లో, ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండ ప్రాంతంలో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన ఇదే తిప్పల మీద పడ్డాడు. అక్కడ బండ్లవాళ్లు వాలు దిగేటప్పుడు పాత బూట్లను చక్రానికి అదిమి బండిని ఆపుకోవడం ఆయన కంట్లో పడింది. పాత బూటుకంటే మంచిది చేయలేమా అనుకున్నాడు. నూలు పట్టీలను తారులాంటి జిగురులో నానబెట్టి దిమ్మెలు చేసినాడు. నీటి చక్రంతో తిరిగే పరీక్ష యంత్రం పెట్టుకుని, ఏది ఎంతసేపు తట్టుకుంటుందో కొలిచి చూసుకున్నాడు. తన పేరులోని అక్షరాలనే అటూఇటూ మార్చి, ఇంకొక అక్షరం కలిపి, సరుకుకు ఫెరోడో అని పేరు పెట్టినాడు. ఈరోజు కూడా షువైఖ్‌లో స్పేర్‌పార్టుల షాపుకు పోతే ఆ పేరున్న పెట్టెలు కనిపిస్తాయి.

నూలుకు ఒకటే ఇబ్బంది, వేడి. బ్రేకు పని ఏందో ఒకసారి ఆలోచించండి. బండి పరుగును మాయం చేయడం దాని వల్ల కాదు, పరుగును వేడిగా మార్చడమే దాని పని. మా కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంటుంది. లోడు లారీ ఆ ఘాట్ దిగుతుంటే వెనక బస్సులో కూర్చున్నోళ్లకు బ్రేకులు కాలిన వాసన కొడుతుంది. కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. ఆ వాసన వేడిదే. నూలు పట్టీ సుమారు 150 డిగ్రీలు దాటితే మాడడం మొదలుపెడుతుంది. మోటారు బండ్ల వేగం పెరిగే కొద్దీ నూలు పనికిరాకుండా పోయింది.

రాగి చేసిన గోల

అదే రోజుల్లో బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఇంకో దారి పట్టినాడు. చక్రంతోపాటు తిరిగే పలచటి లోహపు బిళ్ల, దాన్ని రెండు పక్కల నుంచి నొక్కే దిమ్మెలు. 1902లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఈరోజు మీ బైకు ముందు చక్రానికి కనిపించే డిస్క్ బ్రేకుకు ముత్తాత అదే. అదే ఏడాది ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ బ్రేకును పేటెంటు చేయించుకున్నాడు. అంటే ఈ రెండు రకాలూ కవల పిల్లల్లాంటివి.

లాంచెస్టర్ నొక్కుడు దిమ్మెలకు రాగి వాడినాడు. అక్కడ రెండు తిప్పలు వచ్చినాయి. ఒకటి, అప్పటి మట్టిరోడ్ల దుమ్ముకు రాగి తొందరగా అరిగిపోయేది. రెండోది చప్పుడు. లోహం మీద లోహం ఒరుసుకుంటే ఎట్లుంటుందో మీకు నేను చెప్పాలా? పళ్లు జివ్వుమనే కీచు. మా పిల్లోడు సిగ్నల్ దగ్గర పడ్డ సిగ్గు 120 ఏళ్ల కింద లాంచెస్టర్ బండి ఎక్కినోళ్లు కూడా పడే ఉంటారు.

వేడికి మాడనిది, తొందరగా అరగనిది, అరవనిది ఒకటి కావాలి. 1908 ప్రాంతంలో ఫ్రూడ్‌కు అది దొరికింది. ఆస్‌బెస్టాస్. మన భాషలో రాతినార. లోహానికీ లోహానికీ మధ్యలో రాతినారతో చేసిన లైనింగ్ పెడితే వేడికి తట్టుకుంది, గట్టిగా పట్టింది, గోల కూడా తగ్గింది. అగ్గువ కూడా. ఇంకేం కావాలి? ఆ తర్వాత డెబ్బై, ఎనభై ఏళ్లు ప్రపంచంలో కారు, లారీ, మోటారు సైకిలు బ్రేకుల్లో దానిదే రాజ్యం.

మా ఊరి పక్క రాయి

ఇక్కడ కథ మా జిల్లాకు వస్తుంది. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె అని ఊరుంది. అక్కడి వేంపల్లె సున్నపురాయి పొరల్లోకి ఎన్నో కోట్ల ఏళ్ల కింద భూగర్భంలోంచి కరిగిన రాయి చొచ్చుకొచ్చింది. రెండూ కలిసిన చోట ఆ వేడికి రాయి మారిపోయి క్రిసొటైల్ అనే తెల్ల రాతినార తయారయింది. మన దేశంలో ఈ రకం రాతినార దొరికిన ముఖ్యమైన చోట్లలో అదొకటి.

చిన్నప్పుడు మాకు ఈ పేర్లేవీ తెలియవు. బడి ఎగ్గొట్టి తిరిగేటప్పుడు ఆ రాళ్లు ఏరుకొచ్చుకునేవాళ్లం. ఆకుపచ్చ రాయిలో తెల్లటి చార ఉంటుంది. గోటితో గీకితే పట్టుదారంలా నార లేస్తుంది. దాన్ని వత్తిలా పేని అగ్గిపుల్లతో అంటించినా కాలదు. మాకదొక మాయ. ఎవని నార పొడుగో పందెం వేసుకునేవాళ్లం. గీకినప్పుడు లేచిన పొడిని ఉఫ్ అని ఊదేసి ఇంకో రాయి తీసుకునేవాళ్లం.

ఆ నార లక్షణమే అంత. ఎంత గీకినా దారం కింద దారం, దాని కింద ఇంకా సన్న దారం. చివరికి కంటికి కనపడనంత సన్నగా చీలిపోతుంది. గాలిలో గంటలకొద్దీ తేలుతుంది. పీల్చితే ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి గుచ్చుకుంటుంది. మామూలు దుమ్మయితే ఒంట్లోని కణాలు దాన్ని తినేసి బయటికి తోసేస్తాయి. దీన్ని తినలేవు. దాని చుట్టూ మచ్చ కడతాయి. మచ్చ మీద మచ్చ పడి ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. కొందరికి క్యాన్సర్ వస్తుంది. జబ్బు బయటపడేది అప్పటికప్పుడు కాదు, ఇరవై, ముప్పై, నలభై ఏళ్ల తర్వాత. అప్పటికి పని మానేసి ఉంటాం, పని ఇచ్చినోళ్లు మర్చిపోయి ఉంటారు.

నెల్లీ కెర్షా

ఇది ఎవరికీ తెలియక జరిగిందనుకుంటే పొరపాటు. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊర్లో నెల్లీ కెర్షా అనే ఆమె రాతినారను దారంగా వడికే మిల్లులో పనిచేసింది. 1924 మార్చిలో, 33 ఏళ్ల వయసులో, ఊపిరాడక చనిపోయింది. ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన డాక్టర్ కుక్ అందులో రాతినార కణాలు కనిపించాయని అదే ఏడాది వైద్య పత్రికలో రాసినాడు. 1927లో ఆ జబ్బుకు ఆస్‌బెస్టోసిస్ అని పేరు కూడా పెట్టినాడు. కంపెనీ మాత్రం జబ్బుకు, పనికి సంబంధం లేదని పరిహారం ఇవ్వలేదు.

తర్వాత ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుగా ఉన్న డాక్టర్ మెరివెదర్ ఆ పరిశ్రమలో పనిచేసే 363 మందిని పరీక్షిస్తే 95 మందికి ఆ జబ్బు ఉన్నట్టు తేలింది. అంటే నలుగురిలో ఒకరికి. ఆ రిపోర్టు 1930లో వచ్చింది. మరుసటి ఏడాది బ్రిటన్‌లో దుమ్ము తగ్గించే నిబంధనలు పెట్టినారు. ఆ ఏడాది ఒకసారి గుర్తుపెట్టుకోండి. మా ఉస్తాద్ అప్పటికి పుట్టనే లేదు.

మా ఉస్తాద్

నేను ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చదివినా. సర్టిఫికెట్ చేతికొచ్చినాక పని నేర్చుకోవడానికి మా పక్క టౌన్లో ఒక ఉస్తాద్ దగ్గర చేరినా. 1998 అది. ఐటీఐలో బోర్డు మీద గీసిన బొమ్మలన్నీ ఆయన దగ్గరే నాకు చేతికి వచ్చినాయి. ఇంజిన్ చప్పుడు విని ఏ వాల్వు తేడాగా ఉందో చెప్పేవాడు. పేదోళ్ల దగ్గర లేబర్ తీసుకునేవాడు కాదు. నన్ను "రేయ్ అబ్బీ" అని పిలిచేవాడు.

అప్పుడు మా షెడ్డుకొచ్చే బండ్లలో చాలావాటికి ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. బండి కీచుమంటుందని తెస్తే ఉస్తాద్ చేసే వైద్యం ఒకటే. చక్రం విప్పడం, డ్రమ్మును బండకేసి రెండు దెబ్బలు కొట్టడం, నోటితో ఊదడం, లైనర్ పైన మెరుపు పోయేదాకా గరుకు కాగితం పెట్టి రుద్దడం. కొత్త లైనర్ వేసినా అంతే, అంచులు ఆకురాయితో అరగదీసి మరీ బిగించేవాడు. సాయంత్రానికి ఆయన కనురెప్పలు, మీసాలు, చెవుల మీది వెంట్రుకలు బూడిద రంగులో ఉండేవి. అదే చేతులతో టీలో బన్ను ముంచుకుని తినేవాళ్లం. నేనూ ఊదినా. ఐదేళ్లు ఊదినా.

తర్వాత తెలుసుకున్న సంగతి ఒకటి చెప్తా. బ్రేకు వేసినప్పుడు పుట్టే గట్టి వేడికి లైనర్‌లోని రాతినారలో చాలా భాగం వేరే ఖనిజంగా మారిపోతుంది. కాబట్టి డ్రమ్ములో మిగిలిన పొడిలో నార తక్కువే. కానీ కొత్త లైనర్‌ను రుద్దితే, ఆకురాయి పెడితే, లేచేది మారని నార. మేం పనితనం అనుకుని గర్వంగా చేసిన పనే అన్నిటికంటే చెడ్డది.

నేను 2003లో కువైట్ వచ్చేసినా. మొదట సైటులో జనరేటర్లు, మిక్సర్ల మెకానిక్కు. తర్వాత ఫోర్‌మన్, ఇప్పుడు సూపర్‌వైజర్. లీవుకు పోయిన ప్రతిసారీ ఉస్తాద్‌ను కలిసేవాణ్ని. ఒకసారి పోతే షెడ్డు మెట్లు రెండు ఎక్కి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఇంకోసారి పోతే షెడ్డు కొడుకు చూసుకుంటున్నాడు, ఈయన గడప దగ్గర కుర్చీలో. మొదట టీబీ అన్నారట, ఆ మందులు మింగినాడు, తగ్గలేదు. బీడీలు మానెయ్యమన్నారు, మానేసినాడు, తగ్గలేదు. ఆయన ఏం పని చేస్తాడని అడిగిన డాక్టరు ఒక్కరూ లేరు. చివరిసారి చూసినప్పుడు మాటకు మాటకు మధ్య ఆగుతూ "రేయ్ అబ్బీ, గాలి ఇంత బరువుంటుందని తెలియదురా" అన్నాడు. నేను మళ్లీ లీవుకు పోయేసరికి లేడు.

బీడీ ఎంత, దుమ్మెంత అని తూకం వేయడానికి నేను డాక్టర్ని కాదు. కానీ ఆయన పోయిన రెండేళ్లకు మా సైటులో పాత బిల్డింగు పడగొట్టే పని వచ్చింది. పని మొదలయ్యే ముందు సేఫ్టీ ఆఫీసరు మా అందరినీ కూర్చోబెట్టి ఆస్‌బెస్టాస్ గురించి క్లాసు తీసుకున్నాడు. స్క్రీను మీద బొమ్మలు చూపిస్తున్నాడు. పైకప్పు రేకులు, పైపులు, బాయిలర్ చుట్టూ చుట్టే పట్టీలు. నేను నోట్సు రాసుకుంటున్నా. తర్వాతి బొమ్మ బ్రేకు లైనర్. దాని పక్కనే ఒక మెకానిక్ డ్రమ్ము మీద వంగి ఊదుతున్న ఫోటో, దాని మీద ఎర్ర గీత. నేను లేచి బయటికి వచ్చేసినా. వాంతి అయింది.

డిస్క్ వచ్చింది, ఆస్‌బెస్టాస్ పోయింది, కీచు తిరిగొచ్చింది

ఈలోగా లాంచెస్టర్ డిస్కు ఏమయింది? యాభై ఏళ్లు మూలన పడింది. విమానాల చక్రాలకు వాడి బాగుందనుకున్నాక మళ్లీ కార్లకు తెచ్చినారు. 1953లో ఫ్రాన్సులో లె మాన్ అనే 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచింది. డ్రమ్ములున్న కార్లు మలుపుకు చాలా ముందే బ్రేకు వేసుకోవాల్సి వస్తే, ఇది మలుపు దగ్గరిదాకా పోయి ఆగగలిగింది. కారణం చిన్నదే. డ్రమ్ములో వేడి మూత పెట్టిన గిన్నెలో లాగా లోపలే ఉంటుంది, డిస్కుకు చుట్టూ గాలి తగులుతుంది.

రెండు చక్రాల బండికి 1962లో ఇటలీ లాంబ్రెట్టా స్కూటరు ముందు డిస్కు పెట్టింది. 1969లో హోండా సీబీ 750 మోటారు సైకిలు ఆయిలు ఒత్తిడితో పనిచేసే ముందు డిస్కుతో వచ్చినాక ప్రపంచమంతా అదే దారి పట్టింది. మన ఊళ్లకు రావడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. 1999లో సీబీజెడ్, 2001లో పల్సర్ వచ్చినాక మా ఉస్తాద్ షెడ్డులో మొదటిసారి డిస్కు చూసినాం. ఆయన దాన్ని వేలితో తడిమి "ఇది కనపడే బ్రేకురా, దీంట్లో దాచుకునేదేం లేదు" అన్నాడు.

ఆస్‌బెస్టాస్ మీద ఆంక్షలు నత్త నడక నడిచినాయి. మన దేశంలో 1986లో కొత్త రాతినార గనులకు లీజులు ఆపేసినారు. 1995లో సుప్రీంకోర్టు, ఈ పనిచేసే కార్మికుల ఆరోగ్యం వాళ్ల బతికే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. పనిలో చేరిన రోజు నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేసిన తర్వాత 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అన్నాళ్లు వాళ్ల ఆరోగ్య రికార్డు దాచాలని యజమానులకు చెప్పింది. ఫ్యాక్టరీలో పనిచేసినోళ్లకు అట్లా. రోడ్డు పక్క షెడ్డులో కూర్చున్న ఉస్తాద్‌కు రికార్డు రాసేదెవరు? బ్రిటన్ 1999లో పూర్తిగా నిషేధించింది. అమెరికాలో 1989లో పెట్టిన నిషేధాన్ని రెండేళ్లకే కోర్టు చాలావరకు కొట్టేసింది. క్రిసొటైల్ మీద మళ్లీ నిషేధం వచ్చింది 2024లో. మన దేశం తవ్వడం ఆపింది గానీ బయటి నుంచి తెప్పించుకుని సిమెంటు రేకులకు వాడడం ఆపలేదు.

మంచి కంపెనీల బ్రేకు ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ పోయి, దాని బదులు ఇనుప పీచు, రాగి, గ్రాఫైటు, గాజు పీచు, అరామిడ్ పీచు, పింగాణీ లాంటి పొడులు వచ్చినాయి. ఇవి గట్టివి, వేడికి తట్టుకుంటాయి. కానీ లోహం ఎక్కువున్న ప్యాడ్లు కొంచెం ఎక్కువ అరుస్తాయి. లాంచెస్టర్ కాలపు కీచు మళ్లీ తిరిగొచ్చిందన్నమాట. రాగికి కూడా ఇంకో లెక్క ఉంది. రోడ్డు మీద రాలిన బ్రేకు పొడి వాన నీటితో వాగుల్లోకి పోయి చేపలకు హాని చేస్తోందని అమెరికాలో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లోనే చట్టాలు చేసినాయి. ఆ ప్రకారం 2025 నుంచి అమ్మే కొత్త ప్యాడ్లలో రాగి అర శాతానికి మించకూడదు. 2024లో యూరప్ తెచ్చిన యూరో 7 నిబంధనల్లో మొదటిసారి కార్ల పొగతోపాటు బ్రేకుల నుంచి రాలే పొడికి కూడా హద్దు పెట్టినారు. నెల్లీ కెర్షా పోయిన నూరేళ్లకు బ్రేకు దుమ్ము కూడా లెక్కలోకి వచ్చింది.

కీచు అసలెందుకు వస్తుంది

మన బావి గిలక గుర్తు తెచ్చుకోండి. ఇరుసు ఎండిపోతే చేద లాగినప్పుడు కీచుమంటుంది. పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం, మళ్లీ జారడం. ఇదే సెకనుకు వేలసార్లు జరిగితే ప్యాడు, డిస్కు, క్యాలిపర్ అన్నీ కలిసి గంటలా మోగుతాయి. బ్రేకు కీచు అంతే. కాబట్టి కీచు వచ్చినంత మాత్రాన బ్రేకు పాడయిందని కాదు, ఎక్కడో ఏదో వణుకుతోందని.

మన దగ్గర మామూలు కారణాలు ఇవి. తోజ్ లేచిన మరుసటి రోజు ప్యాడుకూ డిస్కుకూ మధ్య ఇసుక చేరడం. ప్యాడు జరిగే పిన్ను ఎండిపోవడం. ప్యాడు వెనక ఉండే పలచటి రేకును పోయిన మెకానిక్ మళ్లీ పెట్టకపోవడం. ఎక్కువ వేడెక్కి ప్యాడు ముఖం అద్దంలా మెరుపెక్కడం. కొత్త ప్యాడు ఇంకా డిస్కుకు ఒదగకపోవడం. కీచు కాకుండా గరగరమని గీకిన చప్పుడు వస్తే మాత్రం అది వేరే సంగతి. ప్యాడు పూర్తిగా అరిగి ఇనుము డిస్కును కోస్తోందని అర్థం. ఆ బండిని ఆ పూట నడపొద్దు.

మార్చేటప్పుడు ఇవి మర్చిపోవద్దు

ఆ శుక్రవారం నేనే కింద కూర్చుని వానితో చేయించినా. ఆ వరుసలోనే చెప్తా.

మొదట తడి. విప్పే ముందే బ్రేకు క్లీనర్ స్ప్రే కొట్టండి. లేకపోతే సబ్బు నీళ్లతో తడపండి. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్లో మూటకట్టి పారేయండి. నోటితో ఊదడం లేదు, బంచర్ షాపులో గాలి గొట్టం పెట్టడం అసలే లేదు. కొత్త ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండకపోవచ్చు. కానీ పాత ప్యాడు ఏ షాపులో, ఏ డూప్లికేట్ పెట్టెలోంచి వచ్చిందో మీకు తెలుసా? ఆస్‌బెస్టాస్ లేకపోయినా ఇనుము, రాగి పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

తర్వాత ప్యాడు చూడండి. మధ్యలో గాడి కనపడకుండా అరిగితే పని అయిపోయినట్టే. గాడి లేని రకమైతే మందం 2 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి మార్చేయండి. రెండు ప్యాడ్లూ ఒకేసారి మార్చాలి, ఒకటి మార్చి ఒకటి ఉంచొద్దు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అరిగితే పిన్ను పట్టేసిందని అర్థం.

పిస్టన్ను లోపలికి నెట్టేటప్పుడు నిదానంగా నెట్టండి. పైన డబ్బాలో ఆయిలు పొంగుతుందేమో ఒక కన్నేసి ఉంచండి. బ్రేకు ఆయిలు పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. ఏ రకం ఆయిలు పోయాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది, అదే పోయాలి.

జారే పిన్నులకు బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు కొంచెం రాయండి. మామూలు గ్రీజు వేడికి కరిగి కారుతుంది, రబ్బరు ఉబ్బిపోతుంది. ప్యాడు ముఖానికి, డిస్కుకు మాత్రం నూనె గానీ గ్రీజు గానీ ఏదీ తగలకూడదు. కీచు పోవాలని డిస్కు మీద ఆయిలు చుక్క వేసినవాణ్ని నేను చూసినా. కీచు పోయింది, బ్రేకు కూడా పోయింది. వెనక రేకు, స్ప్రింగు ఎట్లున్నవి అట్లే పెట్టండి. విప్పే ముందు ఫోనులో ఫోటో తీసుకుంటే సరి.

మెరుపెక్కిన ప్యాడును గరుకు కాగితంతో రుద్దమని వీడియోల్లో చెప్తారు. మా ఉస్తాద్ కూడా అదే చేసినాడు. రుద్దొద్దు, కొత్తది వేయండి. ఒక జత ప్యాడ్లు ఒక ఊపిరితిత్తి కంటే ఖరీదేం కాదు.

బిగించడం అయినాక బండి కదిలించే ముందు లివర్‌ను నాలుగైదు సార్లు నొక్కండి, గట్టిపడేదాకా. పిస్టన్ లోపలికి పోయి ఉంటుంది కాబట్టి మొదటి నొక్కులో బ్రేకు పడదు. అది మర్చిపోయి నేరుగా రోడ్డెక్కితే మొదటి సిగ్నలే చివరి సిగ్నల్ అవుతుంది. తర్వాత ఖాళీ జాగాలో 40 వేగం నుంచి 10 దాకా మెత్తగా తగ్గిస్తూ ఇరవై సార్లు చేయండి. పూర్తిగా ఆపి లివర్ పట్టుకుని నిలబడొద్దు. కొత్త ప్యాడు డిస్కుకు ఒదిగేదాకా కొంచెం కీచు ఉన్నా భయం లేదు, అదే పోతుంది. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నం ముట్టండి.

చివరగా

అన్నీ అయినాక పిల్లోడు బండి ఎక్కి ఖాళీ జాగాలో నాలుగు చుట్లు తిరిగొచ్చినాడు. కీచు లేదు. వాడు నవ్వుకుంటూ దిగి "మామా, ఇంత చిన్నదానికి అంత అరిచినావే" అన్నాడు. అప్పుడు కూర్చోబెట్టి ఉస్తాద్ గురించి చెప్పినా. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా నాయన కూడా లారీ షెడ్డులోనే కదా మామా పనిచేసేది" అన్నాడు మెల్లగా. నాకు అది తెలియదు. వాడు అక్కడే ఫోను తీసి ఇంటికి చేసినాడు. నాయనకు దగ్గు ఏమన్నా ఉందా అని అడిగినాడు. డాక్టరు దగ్గరికి పోతే ఏం పని చేస్తావో కూడా చెప్పు నాయనా అని చెప్పినాడు.

మీ ఇంట్లో కూడా ఎవరన్నా షెడ్డులోనో, గనిలోనో, రేకుల ఫ్యాక్టరీలోనో పనిచేసి ఉంటే ఈ వారం ఆ ఒక్క ఫోను చేయండి. డాక్టరు అడగకపోయినా పని పేరు చెప్పమనండి. మా ఉస్తాద్‌కు ఆ మాట చెప్పేవాళ్లు లేకపోయినారు. నేను అప్పటికి ఇక్కడ, మహబూలాలో, బతుకుతెరువు వెతుక్కుంటున్నా.